ఫోన్‌లో ఇంటర్వ్యూ: తెర వెనక ప్రవేశం

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో కూచిపూడి వస్తుంది. అక్కడ పుట్టిన భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా రంగం మీదికి రాదు. ముందు ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడతారు. ఆ తెర మీదుగా జడ ఇవతలికి పడుతుంది. మొహం ఇంకా కనపడదు. ఆ తర్వాత ప్రవేశ దరువు అనే పాట. తనెవరో, ఎలాంటిదో తన నోటితో తనే చెప్పుకుంటుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు దశాబ్దాల పాటు ఆ వేషం కట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

ఫోన్ ఇంటర్వ్యూ అనగానే నాకు ఆ తెర గుర్తొస్తుంది. అవతల బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఒకాయనో ఒకావిడో కూర్చుని ఉంటారు. వాళ్ళకు మీ మొహం కనపడదు. ఇస్త్రీ చొక్కా కనపడదు, ఒద్దికగా కూర్చున్న తీరు కనపడదు. అర్థమైందని మీరు తల ఊపితే అదీ కనపడదు. ఎదురుగా కూర్చుంటే వీటన్నిటికీ ఎంతో కొంత విలువ దక్కేది. ఫోన్‌లో ఆ భారమంతా గొంతు మీద పడుతుంది. తెర వెనక నుంచి ముందుగా ఏం పంపాలో సత్యభామకు తెలుసు. మన పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ అధ్యాయం రాయడం అందుకే.

కృష్ణా జిల్లాలో బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల్లో చదివి ఉద్యోగాలకు పెట్టుకునే పిల్లలతో చాలాకాలంగా మాట్లాడుతున్నాను. "ఫోనే కదండీ, అసలు ఇంటర్వ్యూ తర్వాత ఉంటుంది" అంటారు వాళ్ళలో ఎక్కువమంది. అక్కడే పొరపాటు మొదలవుతుంది. ఒక ఉద్యోగానికి వందల రెజ్యూమేలు వస్తే అందరినీ పిలిపించి కూర్చోబెట్టడం ఏ కంపెనీకీ కుదరదు. హెచ్‌ఆర్ వాళ్ళు పదిహేను ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడి, ఎవరిని మేనేజర్ దాకా పంపాలో తేల్చుకుంటారు. ఆ ఫోన్ దాటకపోతే తర్వాత ఉండే ఇంటర్వ్యూ మనదాకా రాదు. నిజానికి ఈ పద్ధతి వల్ల మన ప్రాంతానికి మేలే జరిగింది. నాగాయలంక నుంచి హైదరాబాద్ వెళ్ళి రావాలంటే రెండు రాత్రులు బస్సులో గడపాలి, ఛార్జీలు పెట్టుకోవాలి, ఎవరింట్లోనో దిగాలి. ఇప్పుడు అవన్నీ తప్పాయి. అలా మిగిలిన రెండు రోజులూ తయారీకి వాడుకోవాలి.

ముందు ఇల్లు సర్దుకోండి

మన ఊళ్ళ ఇళ్ళలో పగటిపూట తలుపు గడియ వేసుకుని కూర్చునే అలవాటు లేదు. వేసుకుంటే "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. అందుకని ఇంటర్వ్యూ తయారీ పుస్తకాలతో కాకుండా ఇంటితో మొదలుపెట్టమంటాను.

ఫోన్ పదకొండు గంటలకు వస్తుందని చెప్పారనుకోండి. ముందు రోజు సరిగ్గా అదే వేళకు మీరు కూర్చోబోయే చోట పది నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. వంటింట్లో కుక్కర్ ఎప్పుడు కూస్తోంది, పక్కింటివాళ్ళు నీళ్ళ మోటారు ఎప్పుడు వేస్తున్నారు, కూరగాయల బండి మైకు వీధిలోకి ఎప్పుడు వస్తోంది. ఇల్లు రొయ్యల చెరువులకు దగ్గరైతే ఏరేటర్ల మోత ఉంటుంది. కోతల రోజులైతే వరికోత మిషన్ల శబ్దం. ఇవన్నీ మనకు అలవాటైపోయి వినపడటం మానేసిన చప్పుళ్ళు. ఫోన్ మైకుకు ఆ అలవాటు లేదు, అన్నిటినీ మోసుకెళ్ళి అవతలి చెవిలో పోస్తుంది. నెత్తి మీద తిరిగే ఫ్యాను కూడా అంతే. ఆ ఇరవై నిమిషాలూ చెమట పట్టినా సరే, ఫ్యాను తగ్గించండి.

సిగ్నల్ సంగతి ఇంకో తిప్పలు. గదిలో ఒక గీత, డాబా మీద నాలుగు గీతలు. అందుకని చాలామంది డాబా ఎక్కేస్తారు. బందరులో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వీస్తుంది. అది మైకులో పడితే అవతలివాళ్ళకు మీ మాట బదులు గాలి బుసే వినపడుతుంది. డాబా కంటే పైగదిలో కిటికీ పక్కన గోడ వారగా నిలబడటం మేలు. ఆ చోటు నుంచి, అదే వేళకు, ఒక స్నేహితుడికి ఫోన్ చేసి ఐదు నిమిషాలు మాట్లాడండి. "నా గొంతు ఎలా వస్తోంది? మాట తెగుతోందా?" అని అడగండి. రెండు సిమ్ములుంటే రెండిటితోనూ చేసి చూడండి. మీ ఇంట్లో ఏ సిమ్ము బాగా పలుకుతుందో ఆ నంబరే రెజ్యూమేలో ఉండాలి. ఎక్కడా కుదరకపోతే పట్నంలో ఉన్న మామయ్య ఇంటికో, మీకు చదువు చెప్పిన మాస్టారి దగ్గరికో ముందు రోజే వెళ్ళిపోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

కాలర్ ట్యూన్ సంగతి చాలామంది మర్చిపోతారు. హెచ్‌ఆర్ మీ గొంతు కంటే ముందు వినేది దాన్నే. మీ హీరో మీద మీకెంత అభిమానమున్నా, ఉద్యోగాలకు పెట్టుకునే నాలుగు నెలలూ అది తీసేసి మామూలు రింగు ఉంచండి. ట్రూకాలర్‌లో మీ నంబరుకు ఏ పేరు వస్తోందో కూడా వేరే ఫోన్ నుంచి చూసుకోండి. ఎవరో 'చిన్నోడు గుడివాడ' అని దాచుకుంటే అదే పేరు అక్కడా కనపడొచ్చు.

ఇక వానలు, తుఫాన్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో కరెంటుకూ టవర్లకూ భరోసా తక్కువ. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా నది దాటితే అవతల బాపట్ల, ఇవతల దివిసీమ. అలాంటి హెచ్చరిక వచ్చిన రోజునే, కరెంటు ఉండగానే, హెచ్‌ఆర్‌కు చిన్న మెయిల్ పెట్టేయండి: మా తీరప్రాంతానికి తుఫాను హెచ్చరిక ఉంది, ఫోన్ అందకపోతే నెట్‌వర్క్ వచ్చిన వెంటనే నేనే మీకు చేస్తాను, వీలైతే మరో తేదీ ఇవ్వండి. ముందు చెప్పిన మాటకు ఒక మర్యాద ఉంటుంది. ఫోన్ ఎత్తలేకపోయాక రెండు రోజులకు చెప్పే అదే మాట సాకులా వినపడుతుంది.

అనుకోకుండా వచ్చే ఫోన్

అందరూ టైము చెప్పి చేయరు. నా మొదటి ఫోన్ ఇంటర్వ్యూ 2009లో, గుడివాడ స్టేషన్లో బందరు రైలు కోసం నిలబడి ఉండగా వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక సంస్థ నుంచి. "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని ఆవిడ మర్యాదగానే అడిగింది. కాదంటే ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో "ఎస్ మేడమ్" అనేశాను. పైన అనౌన్స్‌మెంట్, పక్కన టీ కేకలు, చేతిలో సంచి. ఆవిడ అడిగిన రెండో ప్రశ్న నాకు సగమే వినపడింది. మళ్ళీ అడగడానికి సిగ్గుపడి, వినపడిన సగానికే జవాబు చెప్పాను. ఆ ఫోన్ ఆరు నిమిషాల్లో ముగిసింది. తర్వాత అక్కడి నుంచి కబురు లేదు. చాలా రోజులు నా ఇంగ్లీషే కారణమనుకుని కుమిలిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత చూస్తే తప్పు ఇంగ్లీషుది కాదు. ఆ "ఎస్" దగ్గరే అంతా పోయింది.

అప్పుడు అనాల్సిన మాట ఇది: "చాలా సంతోషమండీ, ఈ ఫోన్ కోసమే చూస్తున్నాను. ఇప్పుడు రైల్వే స్టేషన్లో ఉన్నాను, మీ మాట సరిగా వినపడదు. అరగంటలో నేనే చేయనా, లేక మీకు వీలైన టైము చెప్తారా?" రోజంతా ఇలాంటి ఫోన్లు చేసే మనిషికి ఇది మామూలు సంగతి. ఆ అరగంటలో రెజ్యూమే తీసి చూసుకోవచ్చు, నీళ్ళు తాగొచ్చు, ప్రశాంతమైన చోటుకు చేరొచ్చు. ఈ నాలుగు ముక్కలూ ఇంగ్లీషులో ముందే రాసుకుని, ఎక్కడ ఏ వేళ ఫోనొచ్చినా తడుముకోకుండా వచ్చేదాకా పైకి చెప్పి సాధన చేయండి. అన్ని జవాబుల కంటే ముందు నేర్చుకోవాల్సింది దీన్నే.

పేరు, ఊరు

ఫోన్ ఎత్తి "ఆఁ, చెప్పండి" అనడం మనకు అలవాటు. "ఎవరండీ?" అనడం ఇంకో అలవాటు. రేడియో వినే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు గుర్తుంటుంది, వార్తలు చదివే మనిషి ముందు తన పేరు చెప్పేవారు, తర్వాతే వార్త. మొహం కనపడని చోట అది మర్యాద. మీరు కూడా ఫోన్ ఎత్తగానే "నమస్తే" అనో "గుడ్ మార్నింగ్" అనో పలకరించి, పేరు చెప్పండి. అవతలి మనిషి తన పేరు చెప్పగానే కాగితం మీద రాసుకోండి. ఆవిడని "సార్" అని, ఆయన్ని "మేడమ్" అని కంగారులో పిలిచినవాళ్ళు ఎందరో ఉన్నారు. రాసుకున్న పేరు కళ్ళ ముందుంటే ఆ కంగారు ఉండదు.

మన పేర్లతో మరో చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. వాళ్ళ కంప్యూటర్లో గళ్ళు తిరగేసి ఉంటాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో ముందువెనకలు మారతాయి. "మీ పూర్తి పేరు?" అన్న ప్రశ్నకే తడబడటం చాలాసార్లు చూశాను. ఏ కాగితంలో ఎలా ఉందో ముందే చూసి, పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే చెప్పండి. తేడా ఉంటే మీరే ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, ఏ పేరుతో పిలిస్తే బాగుంటుందో చెప్పేయండి.

పేరు అక్షరాలు చెప్పేటప్పుడు ఫోన్‌కున్న ఒక లోపం తెలుసుకోవాలి. మామూలు టెలిఫోన్ లైను మనిషి గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనినే మోసుకెళ్ళేలా తయారైంది. ఎస్, ఎఫ్ అక్షరాలను విడదీసి చూపించే సన్నటి బుస చాలావరకు అంతకంటే పైన ఉంటుంది. అందుకే ఫోన్‌లో రెండూ ఒకేలా వినపడతాయి. 4జీ వోల్టీ కాల్ అయితే 7000 హెర్ట్జ్ దాకా పోతుంది, మాట తేటగా వస్తుంది. ఫోన్ సెట్టింగుల్లో వోల్టీ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఎలాగున్నా 'ఎస్ ఫర్ సీత, ఎఫ్ ఫర్ ఫాదర్' అని చెప్పడం మంచిది. ఎమ్, ఎన్ కూడా అలాంటివే. అంకెల్లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ కలిసిపోతాయి కాబట్టి 'వన్ ఫైవ్', 'ఫైవ్ జీరో' అనండి. మెయిల్ అడ్రసులో చుక్క ఉంటే 'డాట్' అని ఆగి చెప్పండి. నెల తర్వాత వచ్చే ఆఫర్ లెటర్ ఆ అడ్రసుకే రావాలి.

ఊరు ఎక్కడని అడుగుతారు. "బందరు" అంటే బెంగళూరులో ఎవరికీ తెలియదు, సర్టిఫికెట్లో ఉన్న మచిలీపట్నం అనాలి. "దివిసీమ" అంటే మన గుండెకు తెలుసు గానీ వాళ్ళ మ్యాపులో వెతికితే అవనిగడ్డే దొరుకుతుంది. ఇప్పటికీ కొందరు "కృష్ణా జిల్లా, విజయవాడ" అని చెప్తుంటారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, మచిలీపట్నం కేంద్రంగా మనది కృష్ణా జిల్లాగా మిగిలింది. "విజయవాడకు 70 కిలోమీటర్లు, సముద్రం ఒడ్డున" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. బ్యాంకు ఉద్యోగానికి మాట్లాడుతున్న బందరు అమ్మాయి ఇంకో వాక్యం కూడా చెప్పొచ్చు: 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించింది మా ఊళ్ళోనే, 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసింది. ఊరి పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ఏ ఊరివాడివంటే ఆ ఊరి పేరు నిండుగా చెప్పాలి.

ప్రవేశ దరువు

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్." మీ గురించి చెప్పండి. ఇది రాని ఫోన్ ఇంటర్వ్యూ ఉండదు. దీనికి బట్టీ పట్టిన జవాబు మన కాలేజీల్లో ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వస్తోంది: నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, టీమ్‌తో కలిసిపోతాను. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడిన పదిహేనుమందీ అదే చెప్తే, విన్న మనిషికి ఎవరు గుర్తుంటారు?

దరువులో కథంతా ఉండదు, ఆ పాత్ర మాత్రం మన ముందు నిలబడుతుంది. మీ జవాబు కూడా నిమిషన్నరలో ఒక మనిషిని నిలబెట్టాలి. అందుకు మీరు చేసిన పని కావాలి, దానికి ఒక చోటు, కొన్ని అంకెలు కావాలి.

ఫిషరీస్ చదివి నాగాయలంక వైపు ఆక్వా ల్యాబులో ఏడాది పనిచేసిన అమ్మాయి ఉందనుకోండి. మేతల కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "వాటర్ టెస్టింగ్ చేశాను" అంటే నాలుగు సెకన్లలో అయిపోయింది. అదే అమ్మాయి ఇలా చెప్పొచ్చు: రోజుకు ఇరవై దాకా చెరువుల నీళ్ళు వచ్చేవి. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చూసేదాన్ని. ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి ఆ వేళ శాంపిల్ తెమ్మని రైతులకు అలవాటు చేశాను. 4 పీపీఎం కంటే తగ్గితే రిపోర్టు రాసేదాకా ఆగకుండా ముందు రైతుకు ఫోన్ చేసి ఏరేటర్లు వేయమని చెప్పేదాన్ని. ఈ నాలుగు వాక్యాల్లో కష్టపడుతుందనీ, బాధ్యత తెలుసనీ, రైతుతో మాట్లాడగలదనీ అన్నీ వచ్చేశాయి. ఒక్క గొప్ప మాటా వాడలేదు. అవతలి మనిషికి మాత్రం ఆ గట్టూ, ఆ తెల్లవారుజామూ, చేతిలో ఫోనుతో ఆ అమ్మాయీ కనపడతారు.

గుడివాడ దగ్గర బీకాం చదువుతూ సీజన్లో రైస్ మిల్లులో లెక్కలు చూసిన అబ్బాయి ఆ పని రెజ్యూమేలో రాయనే రాయడు. "అది ఉద్యోగం కాదుగా సార్, మా బాబాయికి సాయం" అంటాడు. కాటా దగ్గర లారీల తూకం రాయడం, తేమ 17 శాతం దాటిన ధాన్యాన్ని పక్కన పెట్టించడం, సాయంత్రానికి పుస్తకంలో బస్తాలూ గోడౌన్లో బస్తాలూ సరిపోయాయో లేదో చూడటం, ఇవన్నీ లెక్కల ఉద్యోగానికి కావాల్సిన పనులే. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ షాపులో వాట్సాప్ ఆర్డర్లు చూసినా, పెడనలో కలంకారీ అద్దకం పనిలో ఇంట్లోవాళ్ళకు తోడు నిలిచినా అంతే. జీతం రాలేదని ఆ పనిని మనమే తక్కువ చేసుకుంటున్నాం. ఇది ఆపాలి. ఎవరి పేరు మీద చేశారో దాచకుండా, ఏం చేశారో వివరంగా చెప్పండి.

ఈ సంగతులన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో మాటలుగా రాసుకోండి, వాక్యాలుగా వద్దు. వాక్యాలు రాసుకుంటే చదువుతారు. చదువుతున్న గొంతు ఫోన్‌లో ఇట్టే తెలిసిపోతుంది, ఎక్కడా ఊపిరి తీసుకోదు. మాటలే ఉంటే చెప్తారు. రెజ్యూమే, ఉద్యోగ ప్రకటన, ఆ కంపెనీ ఏం చేస్తుందో నాలుగు ముక్కలు, పెన్ను, గ్లాసుడు నీళ్ళు పక్కన పెట్టుకుంటే చాలు. ఇలా కాగితాలు ముందేసుకుని మాట్లాడే వీలు ఎదుటపడి జరిగే ఇంటర్వ్యూలో లేదు.

ఊ కొట్టడం

అమ్మమ్మ కథ చెప్తూ మధ్యలో ఆగి "ఊ కొట్టవేం?" అనేది గుర్తుందా. చీకట్లో పడుకున్న పిల్ల వింటోందో నిద్రపోయిందో ఆవిడకు తెలిసేది ఆ ఊ తోనే. ఫోన్‌లో అవతలి మనిషిదీ అదే పరిస్థితి. హెచ్‌ఆర్ ఆవిడ ఆ ఉద్యోగం గురించి రెండు నిమిషాలు వివరిస్తుంటే మనవాళ్ళు భక్తిగా, ఊపిరి బిగబట్టి వింటారు. "హలో, ఉన్నారా?" అంటుంది ఆవిడ. వినడం కూడా వినపడాలి. ఆమె వాక్యం ముగిసినప్పుడల్లా "ఎస్", "రైట్", "అర్థమైందండీ" అని చిన్నగా పలకండి. వాక్యం మధ్యలో మాత్రం వద్దు. లైనులో మాట చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది. ఆమె ముగించాక ఒక్క క్షణం ఆగి మొదలుపెడితే ఇద్దరి మాటలూ ఢీకొనవు.

ప్రశ్న వినపడకపోతే మళ్ళీ అడగండి. "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?" అనడంలో చిన్నతనమేమీ లేదు. జవాబు ఆలోచించాలంటే "ఒక్క క్షణం ఆలోచించి చెప్తానండీ" అనండి. ఫోన్‌లో నాలుగు సెకన్ల మౌనం లైను కట్టయినట్టు ఉంటుంది. ఆ ఒక్క మాట అంటే అదే మౌనానికి అర్థం వస్తుంది. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, దానికి దగ్గరగా తెలిసినదేమైనా ఉంటే చెప్పండి. గూగుల్లో వెతుకుతుంటే కీబోర్డు టకటకలు అవతలికి వినపడతాయి.

ఇంగ్లీషు గురించి ఇంతవరకు పెద్దగా మాట్లాడలేదు, కావాలనే. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషు మాట చివర కూడా మనకు తెలియకుండానే ఒక ఉకారం వచ్చి చేరుతుంది, వర్కు, బ్యాంకు అంటాం. 'జీరో' అనేటప్పుడు మొదటి అక్షరం మన జకారంలా పలుకుతుంది. వీటి వల్ల ఉద్యోగం పోదు. అమెరికా వాళ్ళ యాస అరువు తెచ్చుకుని దాన్ని మధ్యలో మోయలేక వదిలేసేవాళ్ళ మాటే అర్థం కాదు. మీ యాసలోనే మాట్లాడండి, కాస్త నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో. నిలబడి మాట్లాడితే గొంతు తెరుచుకుంటుంది. మంచం మీద వాలి మాట్లాడితే అదీ వినపడుతుంది.

జీతం మాట

చివర్లో "ఎంత ఆశిస్తున్నారు?" అంటారు. "మీరెంతిస్తే అంతేనండీ" అనడం మన పెంపకంలో మర్యాద, ఇక్కడ మాత్రం తయారీ లేదని అర్థం. సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, ఏడాదికి 3 లక్షలంటే నెలకు 25,000 అని లెక్కేసి ఇంట్లో చెప్పేస్తారు. సీటీసీలో చాలాచోట్ల కంపెనీ మీ పేర కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిసే ఉంటాయి. మీ వాటా పీఎఫ్ మామూలుగా బేసిక్‌లో 12 శాతం, అదీ జీతంలోంచే పోతుంది. అందుకే "చేతికి ఎంత వస్తుందండీ?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది. ఉద్యోగం ఉన్న ఊళ్ళో హాస్టలుకూ తిండికీ ఎంతవుతుందో అక్కడున్న మన ఊరివాళ్ళని ముందే కనుక్కుని ఒక అంకె మనసులో పెట్టుకోండి. షిఫ్టులు ఎలా ఉంటాయి, బాండు ఉందా, ఉంటే ఎన్నాళ్ళు, తర్వాత రౌండు ఎప్పుడు, ఈ నాలుగూ అడిగి రాసుకోండి. సాయంత్రం కృతజ్ఞతలు చెప్తూ రెండు వాక్యాల మెయిల్ పెడితే చాలు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉద్యోగం ఇస్తామని ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ ఫీజనీ, ల్యాప్‌టాప్ డిపాజిట్టనీ డబ్బు అడిగితే అది ఇంటర్వ్యూ కాదు, మోసం. ఎంత మర్యాదగా మాట్లాడినా, ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా అంతే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుతో ఇంట్లో దాచి ఆలస్యం చేయొద్దు.

ఇంక ఒక సాధన మిగిలింది. స్నేహితుణ్ణో అక్కనో పిలిచి, గది మధ్యలో ఒక దుప్పటి తెరలా కట్టి, అటువైపు కూర్చోమనండి. మీ గురించి అడగమనండి. ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు పొద్దున వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు. మూడోసారికి ఎక్కడ మింగుతున్నారో, ఎక్కడ పరుగెడుతున్నారో మీకే తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. చాలామంది ఆడపిల్లల రెజ్యూమేల్లో నాన్న నంబరో అన్నయ్య నంబరో ఉంటోంది. హెచ్‌ఆర్ ఫోన్ చేస్తే "ఎవరు మీరు? ఏం పని?" అని మీరు అడుగుతారు. మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఫోన్ మళ్ళీ రాకపోవచ్చు. అమ్మాయి నంబరు అమ్మాయి రెజ్యూమేలో ఉండనివ్వండి. ఇంటర్వ్యూ రోజున టీవీ కట్టేసి, కుక్కర్ దించేసి, ఆ ఒక్క గంట ఆ గది తనకు వదిలేయండి. చుట్టాలొస్తే వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి, లోపల పిల్ల ఉద్యోగం మాట్లాడుకుంటోందని చెప్పండి.